ఎడారి ఊళ్ళో దుంగల బడి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో అమెరికాలో ఫ్రూటా అనే చిన్న ఊళ్ళో నేను చూసొచ్చిన దుంగల బడి గురించి అర పేజీ రాశాను కదా. యూటా రాష్ట్రం, చుట్టూ ఎర్ర కొండలు, ఎడారి, మధ్యలో 1896లో కట్టిన ఒంటి గది బడి, ఇప్పటికీ రోడ్డు పక్కనే నిలబడి ఉంది, కిటికీలోంచి చూస్తే లోపల బల్లలు కనపడతాయి అని రాశాను. ఆ అర పేజీకి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదండీ, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. నేను పుట్టి పెరిగింది బెజవాడ వన్‌టౌన్‌లో, మా నాన్న కలప అడితిలో గుమాస్తా, బడి వదిలాక నేను ఆడుకున్నది ఆ దుంగల మీదే, కర్ర వాసన అంటే నాకు ఈ వయసులో కూడా ప్రాణం లేచొస్తుంది.

మాస్టారూ, మా అబ్బాయి సాల్ట్ లేక్ సిటీలో ఉంటాడు. మొన్న వెళ్ళినప్పుడు ఊరి నడిబొడ్డున 1847 నాటి దుంగల ఇల్లు చూపించాడు. అదంటే మంచి కొండ ప్రాంతం. మీరేమో ఎడారిలో దుంగల బడి అంటున్నారు, ఎడారిలో ఇసుక తప్ప ఏముంటుంది, అన్ని చెట్లు ఎక్కణ్ణుంచి తెచ్చారు? (రిటైర్డ్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, వెళ్ళకముందు నాదీ ఇదే అనుమానం. మనకి ఎడారి అంటే రాజస్థాన్ ఇసుక తిన్నెలు, ఒంటెలు. అక్కడి ఎడారి అట్లా ఉండదు. వాన తక్కువ పడే చోటంతా ఎడారే, ఫ్రూటాలో ఏడాది మొత్తం మీద పడేది సుమారు 200 మిల్లీమీటర్లు, మన బెజవాడలో పడేదాంట్లో అయిదో వంతు అనుకోండి. కానీ ఆ ఊరు ఉన్నది 5,500 అడుగుల ఎత్తులో. కారెక్కి పడమరకి కాసేపు వెళ్తే టోరీ అనే ఇంకో చిన్న ఊరొస్తుంది, అది ఇంకా పైన, 6,800 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ ఊరి వెనకాల బౌల్డర్ మౌంటెన్ అని 11,000 అడుగులు దాటిన పెద్ద బల్లపరుపు కొండ. కింద ఎర్ర మట్టి, ముళ్ళ తుప్పలు, పైకి పోయేకొద్దీ మంచు, పైన్ చెట్లు, స్ప్రూస్ చెట్లు, అంటే ఎడారీ అడవీ పక్కపక్కనే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయన్నమాట. కింద ఉన్నవాడు గుర్రాల్నో ఎద్దుల్నో కట్టుకుని పైకెళ్ళి నిటారు చెట్లు కొట్టుకుని దించుకునేవాడు, చలికాలంలో అయితే మంచు మీద దుంగ జారిపోతుంది కాబట్టి లాగడం తేలిక. టోరీలో కూడా 1898లో కట్టిన దుంగల కట్టడం ఉంది, చర్చీ అదే, బడీ అదే.

ఇక పైకి వెళ్ళలేనివాళ్ళకి ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లుంటాయి. మన బూరుగు చెట్టులాగా గింజలకి దూది పట్టి గాలికి ఎగురుతుంది, అందుకే ఆ పేరు. ఎడారిలో దూరం నుంచి ఆకుపచ్చ గీత కనపడితే అక్కడ ఏరు ఉన్నట్టే, ఆ గీత ఈ చెట్లదే. దాని కర్ర మాత్రం మెత్తన, వంకర, నిటారుగా పది అడుగులు దొరకడం గగనం. గత్యంతరం లేక దాంతో కట్టిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి, ఆ కథ కిందొస్తుంది.

దుంగలే ఎందుకు, పలకలు కొట్టి కట్టుకోవచ్చుగా అని మీరు అడగలేదు గానీ చెప్పాలి. పలకలు కావాలంటే రంపపు మిల్లు కావాలి, ఇటుక కావాలంటే బట్టీ కావాలి. దుంగల ఇంటికి గొడ్డలీ రెండు చేతులూ చాలు. మీ అబ్బాయి చూపించిన ఇల్లు కూడా అట్లాంటిదే, మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు 1847 జులైలో ఆ లోయలోకి దిగారు, చలికాలం ముంచుకొచ్చేలోపు తల మీద కప్పు ఉండాలి, అంతే. తర్వాత నాలుగు డబ్బులు రాగానే పలకల ఇల్లో ఇటుక ఇల్లో కట్టుకుని, పాత దుంగల ఇంట్లో కోళ్ళనీ గొడ్లనీ కట్టేసేవాళ్ళు, లేదా పొయ్యిలోకి వాడేసేవాళ్ళు. కాబట్టి ఇవాళ ఒక దుంగల ఇల్లు మిగిలిందంటే మధ్యలో ఎవరో ఒకరు దాన్ని పట్టించుకున్నారన్న మాట. కర్ర గొప్పతనం కంటే నాకు అదే ముఖ్యంగా కనపడింది.

గురువుగారూ, నేను వడ్రంగి పని చేస్తాను. మేకులు లేకుండా దుంగ మీద దుంగ పేరిస్తే జారిపోదా? మూలల్లో ఏం చేస్తారు? దుంగకీ దుంగకీ మధ్య సందులోంచి గాలీ పాములూ రావా? (భవానీపురం, విజయవాడ)

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి సంబరపడ్డా, ఎందుకంటే ఫ్రూటా బడి దగ్గర నేను ముప్పావు గంట మూలల దగ్గరే నిలబడిపోయాను, మా అమ్మాయి కారులో కూర్చుని హారన్ కొడుతూనే ఉంది.

బలమంతా మూలలోనే ఉంది. ఒక గోడ దుంగ, పక్క గోడ దుంగ మూల దగ్గర ఒకదాని మీద ఒకటి వస్తాయి కదా, అక్కడ గాడి కొడతారు. తేలికైన పద్ధతిలో పై దుంగ అడుగున గిన్నె లాగా గుండ్రంగా తొలిచి కింద దుంగ వీపు మీద కూర్చోపెడతారు, జీను వేసినట్టు ఉంటుంది. ఇంకో పద్ధతిలో కింద దుంగ పైభాగాన్ని ఇంటి కప్పులాగా రెండు వాలుగా చెక్కి పైదానికి వీ ఆకారంలో గాడి కొడతారు. బాగా పనితనం ఉన్నవాడు డవ్‌టెయిల్, అంటే పావురం తోకలా విచ్చుకునే గాడి కొడతాడు, నువ్వు సొరుగులకి కొట్టేదే, కాకపోతే అడుగు మందం కర్రకి, గొడ్డలితో. దాంట్లో గొప్ప సంగతేంటంటే ఆ గాడి వాలు బయటివైపుకి ఉంటుంది, వాన నీళ్ళు మూలలో పడినా లోపలికి పోకుండా బయటికి జారిపోతాయి. పైన బరువు పడేకొద్దీ మూల ఇంకా బిగుసుకుంటుంది. మేకు ఎందుకు?

జారడం సంగతి పక్కన పెట్టు, అసలు తంటా కుంచించుకుపోవడం. కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, అడ్డంగా తగ్గుతుంది, నిలువునా దాదాపు కదలదు, నీకు తెలిసిందే. 2024లో బుడమేరు నీళ్ళు వచ్చి పోయాక సింగ్‌నగర్ వైపు నీ దగ్గరికి ఎన్ని తలుపులు వచ్చి ఉంటాయో, అన్నీ వెడల్పులో ఉబ్బి ఫ్రేముకి పట్టేసినవే, పొడుగు పెరిగి పట్టేసిన తలుపు ఒక్కటైనా చూశావా? దుంగల గోడలో దుంగలన్నీ పడుకుని ఉంటాయి, అంటే గోడ ఎత్తు అంతా కర్ర అడ్డంకొలతే. పచ్చి దుంగలతో కడితే ఆరేకొద్దీ గోడ మొత్తం అంగుళాల లెక్కన కిందికి దిగుతుంది. కానీ ద్వారబంధం నిలువు కర్ర, అది దిగదు. అందుకని తెలిసినవాడు ద్వారబంధం మీద ఖాళీ వదిలేసి దాన్ని ఒక పలకతో మూస్తాడు, గోడ దిగొచ్చి ఆ ఖాళీలో సర్దుకుంటుంది. ఖాళీ వదలకపోతే గోడ వచ్చి గుమ్మం మీద కూర్చుంటుంది, పైన దుంగలు తేలిపోయి సందులు పడతాయి.

సందుల మాటకొస్తే, వాటిల్లో ముందు చీలికలు, బద్దలు, రాళ్ళు కుక్కి, దాని మీద బంకమట్టిలో గడ్డి కలిపి, సున్నం దొరికితే సున్నం కూడా కలిపి మెత్తేవాళ్ళు. మన పల్లెల్లో తడికల గోడకి పేడా ఊకా కలిపి మెత్తినట్టే. ఏటా ఎండకి బీటలు పడేది, ఏటా మళ్ళీ మెత్తేవాళ్ళు, అది ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి చేసే పని. పాముల సంగతీ నిజమే, మెత్తడం మానేస్తే ఏదైనా వస్తుంది. ఫ్రూటా బడి లోపల గోడలు మొదట ఉత్త దుంగలూ సందుల్లో మట్టీనే, నున్నగా గిలాబు చేసింది 1935లో, అంటే దాదాపు నలభై ఏళ్ళు పిల్లలు ఆ దుంగలకి వీపు ఆనించుకునే చదివారు.

మా నాన్న అడితిలో దుంగ రాగానే రెండు చివర్లకీ తారు పూయించేవారు, చివర్లోంచే తేమ గబగబా పోయి పగుళ్ళు వస్తాయని. అక్కడ మూలల దగ్గర బయటికొచ్చిన దుంగల చివర్లు చూస్తే పగుళ్ళు చక్రంలో ఆకుల్లాగా నడిమధ్య నుంచి బయటికి పోయి ఉన్నాయి, ఎండకి బూడిద రంగు తిరిగి, చేత్తో తడిమితే గరుకుగా గోనెపట్టా లాగా తగిలింది. ఒక దుంగ మీద గొడ్డలి దెబ్బలు ఇంకా వరసగా తెలుస్తూ ఉన్నాయి, బెత్తెడుకి ఒకటి, అన్నీ ఒకే వాలుగా. ఎవరో మనిషి అక్కడ నిలబడి వేటు తర్వాత వేటు వేసుకుంటూ పోయాడు, ఆ వరసలో ఒక్క వేటు కూడా తప్పలేదు తమ్ముడూ.

తాతగారూ, నేను 9వ తరగతి. ఒక్క గదిలో అన్ని క్లాసులూ ఎట్లా చెప్పేవాళ్ళు? టీచర్ ఒక్కరేనా? ఇప్పుడెందుకు మూసేశారు? (పటమట, విజయవాడ)

ఒక్కరే తల్లీ. ఒకటి నుంచి ఎనిమిది దాకా అందరూ అదే గదిలో. ఎలైజా కట్లర్ బెహూనిన్ అనే ఆయన స్థలం ఇచ్చాడు, ఊరివాళ్ళు కలిసి కట్టారు, ఆయన కూతురు నెటీ బెహూనిన్ మొదటి టీచరు. మొదట్లో 22 మంది పిల్లలు, అందులో ఆమె తోడబుట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంట్లో అక్క, బడిలో టీచరు, ఆలోచించు ఎట్లా ఉండేదో. చదవడం, రాయడం, లెక్కలు ముఖ్యం, టీచరుకి చెప్పగలనన్న నమ్మకం ఉండి పుస్తకాలు కూడా దొరికితే భూగోళం లాంటివి చెప్పేవాళ్ళు. ఒక్కో బల్ల మీద ఇద్దరిద్దరు కూర్చునేవాళ్ళు, మొదటి బల్లలు పైన్ కర్రతో ఊళ్ళోనే చేసుకున్నవి.

బల్లలు నేలకి బిగించకుండా వదిలేసిన రోజుల్లో వాటిని గోడవారకి జరిపేసి అదే గదిలో డాన్సులు, ఓట్లు, ఊరి మీటింగులు, పండగలు అన్నీ చేసుకునేవాళ్ళు. ఆ ఊరు ఎప్పుడూ పది కుటుంబాలు దాటలేదు, ఇంకో గది కట్టే స్తోమత ఎవరికుంది. పైకప్పు కూడా మొదట చదునుగా మట్టి పోసింది, వాలు కప్పు వేసి చెక్క పెంకులు పరిచింది 1912, 13 ప్రాంతంలో.

పిల్లలు తగ్గిపోయి 1941లో మూసేశారు. ఊరి చుట్టూ ఉన్న నేల 1937లోనే ప్రభుత్వ రక్షణలోకి వచ్చింది, 1971లో క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్ అయింది, బడిని కూడా పార్కు వాళ్ళే బాగు చేయించి 1930లలో ఎట్లా ఉండేదో అట్లా ఉంచారు. ఊరివాళ్ళు వేసిన తోటలు కూడా ఇంకా కాస్తున్నాయి, చెర్రీ, ఆప్రికాట్, పీచ్, యాపిల్, కాపు టైములో వెళ్తే మనమే కోసుకోవచ్చు. నేను వెళ్ళినప్పుడు ఆప్రికాట్లు పండి ఉన్నాయి. బడి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తుంటే పక్కన నీ ఈడు పిల్ల ఒకతి అట్లాగే చూస్తోంది, మేమిద్దరం ఏం మాట్లాడుకోలేదు, బల్లలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాం.

అసలు అంత కష్టమైన చోటికి ఎందుకు వెళ్ళారండీ? మంచి నేల ఎక్కడా దొరకలేదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు)

నేల కోసం కొందరు వెళ్ళారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు ఇచ్చేవాళ్ళు, కానీ ఇల్లు కట్టి, సాగు చేసి, అయిదేళ్ళు అక్కడే ఉండాలి. యూటాలోనే ఆర్చెస్ నేషనల్ పార్కులో ఉన్న వుల్ఫ్ గారి దుంగల ఇల్లు అట్లాంటి ఒంటరి బతుకుదే. జాన్ వెస్లీ వుల్ఫ్ అని అమెరికా అంతర్యుద్ధంలో కాలికి దెబ్బ తగిలినాయన, 1898లో ఒహాయో నుంచి కొడుకుని తీసుకుని వచ్చి ఎడారిలో గుడిసె లాంటి ఇంట్లో ఉన్నాడు. 1906లో కూతురు ఫ్లోరా మొగుడూ పిల్లలతో వచ్చి ఆ ఇల్లు చూసి నోరు వెళ్ళబెట్టింది, నేల కూడా ఉత్త మట్టే. ఆమె పట్టుబట్టాక ఆయన కొత్త ఇల్లు కట్టాడు, చెక్క నేల వేసి. ఇవాళ మనం చూసేది ఆ ఇల్లే. 1910లో అందరూ తిరిగి ఒహాయో వెళ్ళిపోయారు. 17 అడుగులకి 15 అడుగుల గది, ఆరుగురు మనుషులు, లోపల నిలబడి ఊహించుకుంటే ఊపిరాడదు.

యూటాలో ఎక్కువమంది మాత్రం పెద్దలు వెళ్ళమంటే వెళ్ళినవాళ్ళు. మోర్మన్ చర్చి ఫలానా చోట ఊరు కట్టండి అని కుటుంబాల్ని పిలిచి చెప్పేది, ఉన్న ఇల్లూ పొలమూ అమ్ముకుని బయల్దేరేవాళ్ళు. అందులో బ్లఫ్ అనే ఊరు కట్టినవాళ్ళ ప్రయాణం సంగతి చదివినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదండీ. 1879 చివర్లో రమారమి 250 మంది, 80కి పైగా బండ్లు, వందల పశువులు, ఆరు వారాల్లో చేరిపోతాం అనుకుని బయల్దేరారు. దగ్గరి దారి అనుకున్నది తిన్నగా కొలరాడో నది మీద నిలువు కొండ అంచుకి తీసుకెళ్ళి ఆపేసింది. కింద ఎక్కడో నది. కొండ అంచులో ఒక పగులు ఉంది, మనిషి పట్టడం కూడా కష్టం. వెనక మంచు పడి దారి మూసుకుపోయింది, తిరిగి వెళ్ళలేరు. ఆ పగులుని పేల్చి, తొలిచి, బండి పట్టేంత చేశారు, వేల్స్ గనుల్లో పనిచేసొచ్చిన బెంజమిన్ పెర్కిన్స్ లాంటివాళ్ళు మందుగుండు పని చూశారు. ఒక చోట దారికి అసలు నేలే లేదు, పక్కన నిలువు రాతి గోడ మాత్రం ఉంది. ఆ గోడకి వరసగా బొరియలు కొట్టి, వాటిల్లో ఓక్ కర్రలు దిగ్గొట్టి, ఆ కర్రల మీద దుంగలు, కంప, రాళ్ళు పరిచి గాల్లో రోడ్డు కట్టారు. 1880 జనవరి 26న బండ్లు దింపడం మొదలెట్టారు, వెనక చక్రాలకి గొలుసులు కట్టి తిరక్కుండా చేసి, వెనక నుంచి మనుషులు తాళ్ళతో బిగబట్టి లాగుతూ. ఒక్క మనిషి పోలేదు. దారిలో పిల్లలు పుట్టారు కూడా.

ఆరు వారాల ప్రయాణం ఆరు నెలలు పట్టింది. ఏప్రిల్ 6న సాన్ వాన్ నది ఒడ్డుకి చేరారు, వాళ్ళు వెళ్ళాల్సిన చోటు ఇంకా కొంత దూరం ఉంది, కానీ ఇక నడవలేక అక్కడే ఆగిపోయారు, అదే బ్లఫ్. అక్కడ దొరికింది ఏటి ఒడ్డు కాటన్‌వుడ్ ఒక్కటే. ఆ వంకర దుంగలతోనే ఇళ్ళు కట్టి చదరంగా కోటలాగా పేర్చారు, గుమ్మాలూ కిటికీలూ అన్నీ లోపలివైపుకే, బయటికి ఉత్త గోడ. ఇళ్ళ మీద కంప పరిచి మట్టి పోసిన కప్పు, వాన పడితే ఆగాక కూడా లోపల బురద కారుతూనే ఉంటుంది. ఆ కోట ఇళ్ళల్లో అసలుది ఒక్కటే మిగిలింది, బార్టన్ కుటుంబానిది, మిగతావి ఆ నమూనాలో ఈ మధ్య మళ్ళీ కట్టినవి.

ఆ పయనీర్లు, అంటే మొదట వచ్చి ఊళ్ళు కట్టుకున్న తెల్లవాళ్ళు, రాకముందు అక్కడ ఎవరూ లేరా? వాళ్ళ సంగతి ఎవరూ చెప్పరే? (అరండల్‌పేట, గుంటూరు)

ఉన్నారండీ, మీరు అడిగింది నిజం. యూట్, పాయూట్, నవాహో అనే ఆదివాసీల నేల అది. ఫ్రూటా బడికి కాస్త దూరంలోనే కొండ రాతి మీద ఫ్రీమాంట్ జనం అనే పాతకాలపు ఆదివాసీలు చెక్కిన బొమ్మలున్నాయి, మనుషులు, కొమ్ముల గొర్రెలు, వాళ్ళు ఆ ఏటి ఒడ్డున మొక్కజొన్న పండించి ఈ బడికి ఆరేడు వందల ఏళ్ళ ముందే వెళ్ళిపోయారు. బ్లఫ్‌లో గుమ్మాలు లోపలికి ఎందుకు పెట్టుకున్నారంటే బయట ఉన్నవాళ్ళంటే భయంతో, ఆ బయట ఉన్నవాళ్ళు తమ నేల మీద తాము ఉన్నవాళ్ళు. దుంగల ఇల్లు చూసి చేతులు జోడించేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి, ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు ఇష్టం ఉండదు.

మేం ఉండవల్లి దగ్గర పొలంలో ఇట్లాంటి దుంగల కాటేజీ కడదాం అనుకుంటున్నాం. మన ఎండకి చల్లగా ఉంటుందా? (బెంజ్ సర్కిల్, విజయవాడ)

కట్టకండి. అక్కడ వాన తక్కువ, చలి ఎక్కువ, అందుకే ఉత్త పైన్ కర్ర కూడా నూరేళ్ళు నిలబడింది. మన దగ్గర నాలుగు నెలలు గాల్లోనే నీళ్ళుంటాయి, నేలలో చెదలు, మెత్తటి కర్ర నేలకి దగ్గరగా పెడితే రెండు వర్షాకాలాలు చాలు. చల్లదనం కావాలంటే మందపాటి మట్టిగోడా దాని మీద తాటాకో పెంకో వేసుకోండి, చూరు బాగా బయటికి దింపండి. మన పెద్దవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు.

మాది వన్‌టౌన్‌లో తాతగారి మండువా ఇల్లు, వందేళ్ళు దాటింది. టేకు స్తంభాలు, తాటి దూలాలు. అన్నదమ్ములు బిల్డర్‌కి ఇచ్చేద్దాం అంటున్నారు, దూలం చివర పుచ్చిపోయింది, ఎట్లాగూ పడిపోతుంది అని. అక్కడ అన్నేళ్ళ కర్ర కట్టడాల్ని ఎట్లా కాపాడుతున్నారు? ఇక్కడ మనకి ఏమైనా దారి ఉందా? (పేరు వద్దన్నారు, విజయవాడ)

బాబూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, అందులో నేను తలదూర్చను. కానీ దూలం చివర పుచ్చింది కాబట్టి ఇల్లు పోయినట్టే అంటే మాత్రం ఒప్పుకోను.

అక్కడ వాళ్ళు చేసేది చెప్తా విను. దుంగల గోడలో ఎప్పుడైనా ముందు పోయేది అన్నిటికన్నా కింద ఉన్న దుంగ, నేల తడికి దగ్గర కాబట్టి. అప్పుడు గోడ మొత్తం పీకరు. జాకీలు పెట్టి గోడని కాస్త పైకి లేపి ఆ ఒక్క దుంగనీ తీసి అదే జాతి కర్రతో కొత్తది పెడతారు, దుంగలో సగమే పోతే ఆ సగమే కోసి అతుకు వేస్తారు. దుంగ కింద రాళ్ళు పెట్టి నేలకి తగలకుండా చేస్తారు. కట్టడాన్ని వేరే చోటికి మార్చాల్సొస్తే ప్రతి దుంగకీ నంబరు కట్టి విప్పుతారు, ఎందుకంటే ఏ గాడి ఏ దుంగ మీద కూర్చోవాలో దానికే సరిపోయేలా కొట్టింది, తారుమారు అయితే కూర్చోదు. యూటా అంతటా పాత దుంగల ఇళ్ళు కొన్నిటిని డాటర్స్ ఆఫ్ యూటా పయనీర్స్ అని 1901లో మొదలైన ఆడవాళ్ళ సంఘం కాపాడుతోంది, ఆ ఇళ్ళల్లోనే పాత సామాన్లు పెట్టి చూపిస్తారు.

వాళ్ళు భయపడేది సిమెంటుకి. పాత మట్టి, సున్నం తీసేసి సందుల్లో గట్టి సిమెంటు కుక్కితే కర్ర కదిలినప్పుడు సిమెంటు కదలదు, అంచు వెంట సన్నగా పగులిస్తుంది, ఆ పగుల్లోకి నీళ్ళు దిగుతాయి, బయటికి రాలేవు, కర్ర లోపల్నుంచి పుచ్చుతుంది. ఇది చదివినప్పుడు నా గుండె చివుక్కుమంది. మా మేనత్త ఇంట్లో వరండాకి నాలుగు టేకు స్తంభాలుండేవి, రాతి దిమ్మ మీద నిలబెట్టినవి, చేవ కర్ర, గోరు దిగదు. ఒక మేస్త్రి వచ్చి నేల ఎత్తు పెంచుతా అని స్తంభాల మొదళ్ళ చుట్టూ మూరెడు ఎత్తున సిమెంటు పోశాడు, నీట్‌గా ఉందని అందరం మెచ్చుకున్నాం, నేను కూడా. ఎనిమిదేళ్ళకి ఒక స్తంభం కదిలింది. పగలగొట్టి చూస్తే సిమెంటు లోపల కర్ర నల్లగా, తడిగా, చేత్తో పిసికితే ఖర్జూరం గుజ్జులాగా వచ్చింది, దాని పైన బెత్తెడు దూరంలో అదే కర్ర రాయిలాగా ఉంది. వందేళ్ళు రాతి మీద పొడిగా నిలబడిన స్తంభం అది.

కాబట్టి ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఒక టార్చిలైటు, ఒక సన్న స్క్రూడ్రైవర్ తీసుకో. పుచ్చిందన్న దూలం చివర గోడలోకి పోయే చోట గుచ్చు, దిగినంత మేర పోయిందన్నట్టు, ఎక్కడ ఆగిపోతుందో అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. తర్వాత పైకెక్కి సరిగ్గా దాని మీద పెంకులు చూడు, పదింట తొమ్మిదిసార్లు అక్కడ ఒక పెంకు పగిలి ఉంటుంది, లేదా మండువా మూల నీళ్ళు పోయే రేకు చిల్లు పడి ఉంటుంది. కర్ర తనంతట తాను పుచ్చదు, నీళ్ళు దొరికితేనే పుచ్చుతుంది, కర్రలో తేమ నూటికి ఇరవై దాటకపోతే కర్రని పుచ్చబెట్టే బూజు పెరగదు. ముందు ఆ నీళ్ళు ఆపు, తర్వాతే కర్ర సంగతి. మా చిన్నప్పుడు ఏటా మృగశిరకి ముందు మనిషిని పిలిచి పెంకులు సర్దించేవాళ్ళు, ఒక్క పూట పని, మీ ఇంట్లో అది ఎన్నేళ్ళ కింద ఆగిపోయిందో పెద్దవాళ్ళని అడుగు. సుద్ద గీత మూరెడు లోపలే ఉంటే పుచ్చిన మేర కోయించి, రెండు పక్కలా టేకు బద్దలు వేసి బోల్టులతో బిగించొచ్చు, పై భవానీపురం తమ్ముడు లాంటి వడ్రంగి రెండు రోజుల్లో చేస్తాడు, గోడలోకి పోయే చివర చుట్టూ గాలాడేలా వేలెడు ఖాళీ వదలమను, సిమెంటు ముట్టనివ్వకు. గీత అంతకన్నా లోపలికి పోయినా, లేక పైన బరువు ఎక్కువ ఉన్నా స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకెళ్ళి చూపించకుండా ఏదీ కదపొద్దు, అప్పటిదాకా దాని కింద ఎవరినీ పడుకోనివ్వకు, ఒక పోటు పెట్టి ఉంచు.

సుద్ద గీత గీశాక ఫొటో తీసి మ్యాగజైన్ నంబరుకి పంపు, దూలం కనపడేలా ఒకటి, దాని మీద కప్పు కనపడేలా ఒకటి. మీ అన్నదమ్ముల్ని కూడా నిచ్చెన దగ్గర నిలబెట్టుకో, వాళ్ళ చేత్తోనే ఒకసారి స్క్రూడ్రైవర్ గుచ్చించు.